‘ప్రజలకు’ కాదు, ‘ప్రజలను’



వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి లోకమంతా విభక్తుల్లోనే కనిపిస్తుందని నా సహోపాధ్యాయులు పరిహాసమాడేవారు. ఆ మాట నిజమే కాబోలు. టెలివిజన్‌ను నిలదీసిన ఒక అమెరికన్ దృశ్యకృతిని గురించి వ్రాయబూని, నేను ముందుగా పట్టుకున్నది విభక్తినే.

1973లో రిచర్డ్ సెర్రా అనే శిల్పి, కార్లొటా ఫే స్కూల్‌మన్‌తో కలిసి ‘టెలివిజన్ డెలివర్స్ పీపుల్’ అనే వీడియో చేశాడు. నిడివి సుమారు ఆరు నిమిషాలు. అందులో నటులు లేరు, కథ లేదు. నీలి తెర మీద అక్షరాలు క్రిందినుంచి పైకి సాగిపోతుంటాయి. వెనుక, దుకాణాలలో వినవచ్చే మెత్తని సంగీతం. అంతే!

టెలివిజన్ ప్రజలకు కార్యక్రమాలను అందిస్తుందని మనం అనుకుంటాం. ఆ వాక్యంలో ప్రజలు సంప్రదానం, అనగా పుచ్చుకొనేవారు, కార్యక్రమాలు కర్మ. సెర్రా ఈ అన్వయాన్నే తలక్రిందులు చేశాడు. టెలివిజన్ ప్రకటనకర్తలకు ప్రజలను అందిస్తున్నదన్నాడు. ‘కు’ పోయి ‘ను’ వచ్చింది. పుచ్చుకొనేవాడు కాస్తా అమ్ముడుపోయే సరుకయ్యాడు.

ఇది ఉత్త చమత్కారం కాదు, వ్యాపారపు లెక్క. ఆనాడు అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ అనే మూడు సంస్థలదే రాజ్యం. వాటిని చూసేవాడు పైకం చెల్లించడు. ప్రకటన ఇచ్చేవాడు చెల్లిస్తాడు. అతడు కొనేది ఇన్ని లక్షల కళ్ళను, ఇన్ని క్షణాలపాటు. ఇక కార్యక్రమమంటారా, అది గాలానికి గుచ్చిన ఎర. 1977లో డాలస్ స్మైత్ అనే కెనడా ఆచార్యుడు ఇదే సంగతిని అర్థశాస్త్ర పరిభాషలో సిద్ధాంతీకరించాడు. కళాకారుడు నాలుగేళ్ళు ముందే ఆ మాట అన్నాడు.

1960ల చివర భుజాన మోసుకుపోగల వీడియో కెమెరాలు బజారులోకి రావడంతో ఇటువంటి ప్రశ్నలు వేయడం సామాన్యులకూ సాధ్యపడింది. 1973లోనే క్రిస్ బర్డెన్ లాస్ ఏంజిలిస్‌లో ప్రకటనల సమయాన్ని సొంత డబ్బుతో కొని, పగిలిన గాజుపెంకులపై తాను ప్రాకుతున్న పది సెకన్ల దృశ్యాన్ని ప్రసారం చేయించాడు. తెరలోకి ప్రవేశించడానికి కొనుగోలుదారుగా వెళ్ళడం తప్ప వేరు ద్వారం లేదని అట్లా నిరూపించాడు. 1978-79లో డారా బర్న్‌బామ్ ‘వండర్ ఉమన్’ ధారావాహిక ముక్కలనే కత్తిరించి, ఆ నాయిక గిరగిర తిరిగి రూపం మార్చుకొనే ఘట్టాన్ని పదే పదే చూపింది. పునరుక్తి దోషమని పిల్లలకు చెప్పాం గాని, ఇక్కడ ఆ దోషమే మాయను విప్పి చూపింది.

1975 జూలై 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘యాంట్ ఫార్మ్’ బృందం మండుతున్న టీవీల గోడను కాడిలాక్ కారుతో గుద్దించింది. సరిగ్గా నాలుగు వారాలకు, ఆగస్టు 1న, మన దేశంలో ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం మొదలై ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ వచ్చింది. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. అక్కడ పగులగొడుతున్న పెట్టె ఇక్కడ సేద్యం, ఆరోగ్యం చెప్పే పంతులుగా అడుగుపెట్టింది. అందులో ప్రకటనకర్త లేడు. అయితే అది ఎమర్జెన్సీ కాలమనీ, కర్త స్థానంలో ప్రభుత్వం కూర్చున్నదనీ మరువరాదు. 1976లో దూరదర్శన్‌లో ప్రకటనలు మొదలైనాయి. 1984లో ‘హమ్ లోగ్’ ధారావాహిక వెంట నూడుల్స్ పొట్లం కూడా ఇళ్ళలోకి వచ్చింది. పంతులు మెల్లగా వర్తకుడైనాడు.

సెర్రాతో నాకు ఒక్కచోట పేచీ ఉంది. అతని కృతిలో ప్రేక్షకుడు కేవలం జడపదార్థం. నేనెరిగిన ప్రేక్షకులు అట్లా లేరు. తెరముందు కూర్చుని తిట్టుకుంటారు, నవ్వుకుంటారు, ప్రకటన రాగానే లేచి పోపు వేసుకుంటారు. అయినా అతని మూల వాక్యాన్ని కొట్టివేయలేను. కొనేవాడు మనం లేచిపోతామని ఎరిగే ధర కడతాడు.

సెర్రా 2024లో, బర్న్‌బామ్ 2025లో కన్నుమూశారు. తెర ఇప్పుడు అరచేతిలోకి వచ్చింది. మనం దాన్ని చూస్తున్నంతసేపూ అది మనల్ని లెక్కపెడుతూనే ఉంది. ఉచితంగా ఏదైనా మన చేతికి వచ్చినప్పుడు ఆ వాక్యానికి కర్త ఎవరో, కర్మ ఎవరో అన్వయించి చూసుకోవడం మంచిది. బడిలో మార్కుల కోసం నేర్పిన పాఠమే అయినా, దానికి ఇంతకంటె మంచి ప్రయోజనం నాకు కనిపించలేదు.