కవిలె కట్టలూ, కంప్యూటరు చిట్టాలూ

కంప్యూటరు తనలో జరిగే ప్రతి సంగతినీ వేళతో సహా రాసుకునే పుస్తకాన్ని ఇంగ్లీషులో లాగ్ అంటారు, తెలుగు వికీపీడియాలో చిట్టా అంటారు. ఈ రెండో మాట వినగానే నాకు మా తాతగారు గుర్తుకు వస్తారు. ఆయన శ్రీకాకుళం జిల్లాలో గ్రామ కరణం. ఏ రైతుకు ఎంత భూమి ఉందో చెప్పేది చిట్టా, ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో చెప్పేది అడంగలు. ఈ రెండింటికీ ముందు తాటాకు కవిలెలుండేవి. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు ఊరూరా సేకరించిన కైఫియత్తులకు కరణాల కవిలెలే ఒక ముఖ్యమైన ఆధారం.

లాగ్ అంటే అసలు కొయ్యదుంగ. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టిన దుంగను నీళ్లలోకి విసిరి, వచ్చిన లెక్కను ఒక పుస్తకంలో రాసేవారు. చివరకు ఆ పుస్తకానికే దుంగ పేరు స్థిరపడింది. మా కళింగపట్నం రేవుకు వచ్చిన ఓడల్లోనూ అటువంటి పుస్తకాలు ఉండే ఉంటాయి.

1970ల నాటి యూనిక్సులో యంత్రం లేవగానే మొదట మేల్కొనేది ఇనిట్ అనే ప్రక్రియ. దాని సంఖ్య 1. ఊరికంటే ముందు తలారి లేచినట్టు అది లేచి, తక్కిన సేవలను లేపుతుంది. తెర వెనుక నిశ్శబ్దంగా పని చేసే ఆ సేవలను డెమన్‌లు అంటారు. మొదట్లో ఏ డెమన్ లెక్క దానిదే. 1980లలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ తన సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ రాశాడు. పోనుపోను తక్కిన సేవలన్నీ తమ పద్దులను దానికే అప్పగించాయి. సంగతి తీవ్రతకు 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు, సంగతికొక పంక్తి, చదవడానికి కళ్లు చాలు. ఊరందరికీ కలిపి ఒక్క కరణం దొరికాడన్నమాట.

2010లో లెన్నార్ట్ పోటెరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ తెచ్చారు. సేవలను ఒకదాని తరువాత ఒకటిగా కాక, వాటి పరస్పర అవసరాలను బట్టి ఒకేసారి లేపుతుంది. మరుసటి ఏడు దానికి జర్నల్ అనే సొంత చిట్టా చేరింది. దాన్ని మామూలుగా తెరిచి చదవలేము, జర్నల్‌సీటీయల్ అనే ఆదేశాన్నే అడగాలి. దీనిపై పెద్ద రగడ జరిగింది. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక సంఘంలో ఓట్లు సమానమైతే, అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీ నెగ్గింది. (తాళం ఒకరి చేతిలో ఉన్న పెట్టెలో లెక్కలు దాచడమేమిటన్న వాదన నాకు చాలాకాలం సబబుగానే తోచింది. ఇప్పుడు అంత పట్టింపు లేదు.)

నా తప్పు వేరే చోట ఉంది. 2018లో మా జిల్లాలోని ఒక చిన్న కార్యాలయపు సర్వరు నా చేతిలో ఉండేది. ఒకే సంగతిని రెండు చోట్ల రాయడం దండుగని, స్థలం ఆదా చేద్దామని, పాత సిస్‌లాగ్ సేవను ఆపేశాను. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. కరెంటు పోయింది, యూపీయస్ కాసేపు మోసి ఊరుకుంది. రోజుల తరువాత యంత్రం లేచింది గానీ, బయటి శాఖల నుంచి పద్దులు అందుకునే సేవ మాత్రం లేవలేదు. ఆఖరి పద్దు ఏది చేరిందో చూద్దామని జర్నల్‌ను అడిగితే, ఆనాటి ఉదయం నుంచే చెప్పింది. అంతకుముందుది శూన్యం.

కారణం చిన్నదే. డిస్కులో జర్నల్ అనే ఫోల్డరు లేకపోతే, ఆ యంత్రంలోని అమరిక ప్రకారం చిట్టా అంతా మెమరీలోనే ఉంటుంది. కరెంటుతో పాటే పోతుంది. పలకమీద సుద్దతో రాసిన లెక్కను వానలో వదిలేసినట్టు. అక్కడి గుమాస్తాలు నాలుగు రోజులు తడిసిన కాగితపు చీటీలు ఆరబెట్టుకుంటూ పద్దులన్నీ మళ్లీ ఎక్కించారు. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉండింది.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ రద్దు రైతులకు మేలని ఊళ్లో అనేకులు అన్నారు, అందులో నిజం లేకపోలేదు. లెక్కలు కరణం గుప్పిట్లో ఉన్న కాలం అందరికీ తీపి గుర్తు కాదు. తాతగారు మాత్రం చిట్టాలూ అడంగళ్లూ కట్టలు కట్టి, ఏ కట్టలో ఎన్ని పుస్తకాలున్నాయో జాబితా రాసి, అప్పగించి రసీదు తీసుకున్నారు. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది.

తుపాను తరువాతి వారం ఆ ఫోల్డరు సృష్టించాను, సిస్‌లాగ్‌ను మళ్లీ నడిపించాను. యంత్రాన్ని ఆపి లేపి, వెనకటి బూట్ చిట్టా చూపమని అడిగాను. పంక్తులు వచ్చాయి. చిట్టచివరి పంక్తి దాకా చదివి గాని ఇంటికి వెళ్లలేదు.