పునర్దర్శనం: కడప సీమ తోలుబొమ్మ నుండి వెండితెర వరకు

సాధకుల మధ్య తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటున్నది. కథ తెలిసినదే, పాత్రలు తెలిసినవే, మాటలు సైతం కంఠస్థమైనవే. అట్టి పాత చలనచిత్రాన్ని మరల మరల చూచుటలో కలిగే ఆనందం ఎట్టిది? అది కేవలం కాలహరణమా, ఇంద్రియలౌల్యమా, లేక శాస్త్రం అంగీకరించే సారం అందులో ఏమైనా ఉన్నదా? కర్నూలు, కడప మండలాలలో నేటికీ దూరదర్శినిపై ‘మాయాబజార్’ వస్తున్నదంటే, పూజాదికాలు ముగించుకొన్న వృద్ధులు మనుమలను చెంత కూర్చుండబెట్టుకొని ఆద్యంతం చూస్తారు. శకుని పలుకబోయే మాటను శకుని కంటె ముందుగా వారే పలుకుతారు. పలికి, తొలిసారి విన్నట్లే నవ్వుతారు. ఈ నవ్వునకు మూలం తెలియాలంటే శాస్త్రంతో పాటు కొంత చరిత్ర కూడా తెలియాలి. ఏలయన తెలుగు చలనచిత్రపు వేళ్ళలో కొన్ని వానలెరుగని ఈ సీమ మట్టిలోనే ఉన్నాయి.

తెర, దీపం, బొమ్మ

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయంలో ఇంద్రాది దేవతలు బ్రహ్మను సమీపించి, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది అయిన ఒక క్రీడనీయకాన్ని, అనగా ఆటవస్తువును, ప్రసాదించమని కోరారు. వేదశ్రవణాధికారం లేని వారితో సహా సర్వవర్ణాలకు అది అందవలెనన్నది వారి ప్రార్థన. బ్రహ్మ ఋగ్వేదం నుండి పాఠ్యాన్ని, సామం నుండి గీతాన్ని, యజుస్సు నుండి అభినయాన్ని, అథర్వం నుండి రసాన్ని గ్రహించి నాట్యవేదాన్ని సృజించాడు. దృశ్యకళను పంచమవేదమని చెప్పిన సంప్రదాయం అది. దానిని వినోదమని తక్కువ చేయరాదు, వేదమని హద్దు మీరరాదు. ఈ రెండంచుల నడుమనే మన విచారం సాగాలి.

రాయలసీమలో ఆ నాట్యవేదం పల్లెకు చేరిన మార్గాలలో తోలుబొమ్మలాట ఒకటి. ఒక తెల్లని తెర, దాని వెనుక దీపం, ఆ రెంటి నడుమ రంగులు వేసిన పలుచని తోలుబొమ్మలు. రాత్రంతా రామాయణ భారతాలు. కథ ఎరుగనివాడు ఆ సభలో ఒక్కడూ ఉండడు. అయినా తెల్లవారే దాకా ఎవ్వరూ లేవరు.

1876-78 నాటి క్షామం, ప్రజలు ధాత కరువుగా చెప్పుకొన్నది, కర్నూలు, కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను శ్మశానప్రాయం చేసింది. ఆ విపత్తు గడచిన కొద్ది సంవత్సరాలకే, 1885లో, కడప మండలంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు బంధుజనంతో కలిసి ‘కీచకవధ’ నాటకం ప్రదర్శించారు. మహారాష్ట్ర మూలం నుండి వచ్చి తోలుబొమ్మలాటతో జీవించిన కుటుంబాలవి. బొమ్మల వెనుక ఉన్నవారు తెర ముందుకు వచ్చి తామే పాత్రలైనారు. స్త్రీ పాత్రలను పురుషులు ధరించే కాలంలో స్త్రీలే ధరించిన కీర్తి సురభివారిది. గ్రామనామమే సమాజనామమైంది. తిండి కరువైన నేలపై కథకు కరువు రాకపోవటం గమనింపదగినది.

అహోబిలం నుండి ఒంటిమిట్ట వరకు

తొలి తెలుగు వాక్చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దర్శకులు హెచ్.ఎం. రెడ్డి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దానికి ఆధారం. సురభి నటులు అందులో పాత్రధారులు. లీలావతి పాత్ర సురభి కమలాబాయిది. చిత్రీకరణ బొంబాయిలో జరిగినా కథ మాత్రం సీమవారి ఇంటి కథ. ఉగ్రస్తంభం నుండి నృసింహుడు వెలువడిన స్థలంగా సంప్రదాయం పూజించే అహోబిలం పూర్వపు కర్నూలు మండలంలోనిదే. ఏటా సంక్రాంతి తరువాత అహోబిలేశుడు నెలకు పైగా పల్లెపల్లెకూ పారువేటకు తరలి వస్తాడు. నిరుడు వచ్చిన స్వామియే ఈ ఏడూ వస్తాడు. నిరుడు చూచినాము గదా, ఈ ఏడు చూడనక్కరలేదని ఏ పల్లెవాడూ అనడు. స్తంభం పగులుతుందా లేదా అన్న సంశయంతో ‘భక్త ప్రహ్లాద’కు వెళ్ళిన ప్రేక్షకుడూ ఉండడు. పునర్దర్శనం మనకు సినిమా నేర్పినది కాదు, ఉత్సవం నేర్పినది.

ఈ సంస్కారంలో పెరిగినవారే తరువాతి చిత్రాలకు రూపమిచ్చారు. కడప మండలం పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లిలో 1908లో బి.ఎన్. రెడ్డి, 1912లో ఆయన సోదరులు బి. నాగిరెడ్డి జన్మించారు. అన్నగారు వాహినీ సంస్థకు ప్రాణమైనారు. తమ్ములు చక్రపాణితో కలిసి విజయా సంస్థను నడిపి, అనంతరకాలంలో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలికి అధ్యక్షులైనారు. వాహినికి ధనబలం తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామిది. అదే తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి తొలుత వాహినిలో క్యాషియరుగా పద్దులు చూచినవారు. ఆయన దర్శకత్వం వహించిన మొదటి చిత్రం 1943 నాటి ‘భక్త పోతన’.

పోతన తనను ఏకశిలానగరవాసిగా చెప్పుకొన్నాడు. ఆ ఏకశిల ఓరుగల్లు అని, కవి స్వస్థలం బమ్మెర అని పండితులలో అధికుల మతం. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసిన ఒంటిమిట్టయే ఏకశిల అని కడపవారి విశ్వాసం. కోదండరామాలయంలో పోతన విగ్రహానికీ నమస్కారం అందుతున్నది. వివాదం ఎట్లున్నా, భాగవతాన్ని రాజునకు గాక రాముడికే అర్పించి నాగలి పట్టిన కవిగాథ మెట్టసేద్యపు రైతునకు దగ్గరిది. చిత్తూరు నాగయ్య ఆ పాత్రలో కనిపించినప్పుడు ప్రేక్షకుడు చూచినది ఒక నటుణ్ణి కాదు, అప్పులకు లొంగక, ఆశకు లొంగక బ్రతకాలన్న తన కోరికను.

కుతూహలం తొలగిన పిదప

ఇప్పుడు మూలప్రశ్నకు వద్దాము. క్రొత్త కథను చూచే మనస్సులో ప్రధానంగా పనిచేసేది కుతూహలం. తరువాత ఏమగునో, నాయకుడు గెలుచునో లేదో అన్న ఆతురత అది. రజోగుణజన్యమైన ఆ ఆతురత కథాంతంలో చల్లారుతుంది. దానితో పాటే చిత్రం కూడా మరుపున పడుతుంది. రెండవసారి చూచినప్పుడు కుతూహలానికి పని లేదు. అప్పుడు మిగిలేది భావం. భావం మిగిలిన చోటనే రసానికి అవకాశం.

అభినవగుప్తపాదులు రసాస్వాదానికి అడ్డువచ్చే విఘ్నాలను చెబుతూ, తన సుఖదుఃఖాలలోనే తాను మునిగి ఉండటాన్ని వాటిలో చేర్చారు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఆ విఘ్నానికి ఔషధం. తెరపై శోకం ‘నా శోకం’ కాదు, ‘శత్రువు శోకం’ కాదు, ‘పరాయివాడి శోకం’ కూడా కాదు, కేవలం శోకం. అందుకే అది బాధించక ఆస్వాద్యమవుతుంది. ఈ ఆస్వాదాన్ని ఆలంకారికులు బ్రహ్మాస్వాద సహోదరమన్నారు. సహోదరమే గాని బ్రహ్మాస్వాదమే కాదన్న విచక్షణను కూడా ఆ మాటలోనే ఉంచారు.

1947లో వచ్చిన ‘యోగి వేమన’ ఇందుకు నిదర్శనం. దర్శకులు కె.వి. రెడ్డి, వేమన పాత్రధారి నాగయ్య. వేమన సమాధిస్థలమని ప్రసిద్ధి పొందిన కటారుపల్లె కదిరి ప్రాంతంలోనిది. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ కడపలో నివసించి తెలుగు గ్రంథాలకు సేవచేసినవాడు. భోగలాలసుడైన వేమన, ప్రాణప్రదంగా పెంచుకొన్న అన్నకూతురు మరణించగా శ్మశానంలో నిలిచి దేహపు నిజాన్ని ఎదుర్కొనే ఘట్టం ఆ చిత్రానికి హృదయం. యౌవనంలో చూచినవానికి అది కరుణరసం. తాను స్వయంగా బంధువులను కాటికి సాగనంపిన తరువాత మరల చూచినవానికి అదే ఘట్టం శాంతరసం. చిత్రంలో ఒక్క అక్షరం మారలేదు. మారినది చూచేవాడు. పాత చిత్రం ద్రష్టకు తన పరిణామాన్ని చూపే అద్దం. నిత్యపారాయణ గ్రంథం చేసే పనియూ ఇదే. సుందరకాండ ప్రతి వయస్సులోను వేరొక అర్థం ఇస్తుంది.

ప్రియదర్శిని

ఈ సత్యాన్ని తన కథలోనే దాచుకొన్న చిత్రం 1957 నాటి ‘మాయాబజార్’. విజయా వారి నిర్మాణం, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. అందులో శ్రీకృష్ణుడు తెచ్చిన ‘ప్రియదర్శిని’ అనే పేటిక ఉన్నది. తెరచిన వారికి ఏది ప్రియమో అదే దానిలో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఆ చిత్రమే ఒక ప్రియదర్శిని. బాలునకు ఘటోత్కచుని భోజనం ప్రియం. యువకునకు వెన్నెలలో నౌకావిహారం ప్రియం. గృహస్థునకు సంపద పోయినంతనే మారిపోయే బంధుత్వం కనిపిస్తుంది. వృద్ధునకు వీటన్నిటి వెనుక నిలిచి చిరునవ్వు నవ్వే సూత్రధారి కనిపిస్తాడు. పాండవుల కోసమే నడిచే ఆ కథలో పాండవులు ఒక్కసారైనా తెరపైకి రాకపోవటం చాలామంది పలుమార్లు చూచిన తరువాతనే గమనిస్తారు.

ఇక్కడ ఒక ఆక్షేపం న్యాయమైనది. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అభిమన్యుని వివాహం విరాటపర్వంలో ఉత్తరతో జరిగింది. మరి లేని కథను భక్తితో చూడవచ్చునా? ధనంజయుని దశరూపకం నాటక వస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించింది. ఇతిహాసం నుండి గ్రహించినది ప్రఖ్యాతం, కవి కల్పించినది ఉత్పాద్యం, రెండూ కలిసినది మిశ్రం. శకుంతలోపాఖ్యానంలో లేని దుర్వాసశాపాన్ని కాళిదాసు కల్పించలేదా? కల్పన దోషం కాదు. కల్పనను ప్రమాణంగా స్వీకరించటమే దోషం. భారతార్థ నిర్ణయానికి భారతమే శరణ్యం. చిత్రం రసానికి మాత్రమే. పిల్లలతో కలిసి చూచే పెద్దలు ఈ భేదాన్ని ఒక్క మాటలో చెప్పితే చాలు. ఆసక్తి తగ్గదు, మూలగ్రంథంపై జిజ్ఞాస పుడుతుంది.

వేషం, వేషధారి, సాక్షి

రెండవ ఆక్షేపం ఇంకా సూక్ష్మమైనది. కడప మండలం ప్రొద్దుటూరులో జన్మించిన శాంతకుమారి 1936 నాటి చిత్రంలో శశిరేఖ, 1939లో పి. పుల్లయ్య తీసిన వేంకటేశ్వర గాథలో పద్మావతి. అదే దర్శకుడు 1960లో మరల తీసిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’లో వకుళమాత. ఒకప్పుడు స్వామిని వరించిన వేషమే, రెండు దశాబ్దాలు గడచిన పిదప స్వామికి తల్లియైంది. ఎన్.టి. రామారావు స్వామిగా నటించిన ఈ రెండవ చిత్రం ఆడినప్పుడు సినిమాహాళ్ళలో శ్రీవారి విగ్రహాలను నిలిపి పూజలు చేశారు. తిరుమల కొండకు గడపగా పేరొందిన దేవుని కడప ప్రాంతవాసులకు ఆ భక్తి అర్థం కానిది కాదు. తిరుమల వెళ్ళే స్తోమత లేని పేదకు తెరపై దర్శనం కూడా దర్శనమే.

అయితే నమస్కారం వేషం వరకు సాగి దేవునికి చేరాలి. వేషధారి వద్ద ఆగిపోరాదు. పాత్రను విడిచి నటుని పట్టుకొన్న చోట భక్తి అభిమానంగా, అభిమానం కలహంగా దిగజారుతుంది. శాంతకుమారి వేషాల వరుస ఈ పాఠాన్నే బోధిస్తుంది. శశిరేఖ పోయింది, పద్మావతి పోయింది, వకుళ వచ్చింది. ఏ వేషమూ ఆమె కాదు. ఆమె లేక ఏ వేషమూ లేదు.

విద్యారణ్యస్వామి పంచదశిలో పదవ ప్రకరణానికి నాటకదీపమని పేరు పెట్టారు. అహంకారం సభాపతి, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియాలు తాళవాద్యధారులు. వీరందరినీ సమంగా వెలిగించేది రంగస్థల దీపం, అదే సాక్షి. సభ కొలువై ఉన్నప్పుడు వెలిగిన దీపం, అందరూ వెళ్ళిన తరువాత శూన్యరంగంపై కూడా వెలుగుతూనే ఉంటుంది. తోలుబొమ్మల తెర వెనుక ఉన్నదీ దీపమే, టూరింగ్ టాకీసు డేరాలో ప్రొజెక్టరు నుండి వెలువడినదీ దీపమే.

నేడు ఆ డేరాలు లేవు. తొలినాళ్ళ చిత్రాలలో అనేకం మనకు చూడ లభ్యం కావు. మిగిలినవి చేతిలోని ఫోనులోకి వచ్చాయి. కాని అక్కడ అవి తునకలుగా, ఏకాంతంగా, తొందరగా చూడబడుతున్నాయి. తునకలలో కుతూహలం తీరుతుంది, రసం నిలువదు. కనుక పర్వదినాన ఒక పాత చిత్రాన్ని ఎన్నుకొని, ఇంటిల్లిపాదీ కలిసి, మధ్యలో లేవక ఆద్యంతం చూచుట మేలు. చూచిన పిదప వెంటనే మరొక దృశ్యానికి పరుగెత్తక, తెర నల్లబడిన ఆ క్షణంలో కొంతసేపు మౌనంగా కూర్చుండుట ఇంకా మేలు. బొమ్మలన్నీ వెళ్ళిపోయిన ఆ నిశ్శబ్దంలో, ఇంతవరకు చూచినవాడెవ్వడో విచారించే అవకాశం దొరుకుతుంది.

స్వస్తి.