కాపలా ఖరీదు

యాంటీవైరస్ వేసుకున్న నాటి నుండి కంప్యూటరు ఈడ్చుకుంటూ నడుస్తోందన్న మాట నేను తరచు వింటుంటాను. తప్పంతా ఆ ప్రోగ్రాము వ్రాసినవారిదే అనుకోవడం సహజం. కానీ ఈ కాపలాకు ఒక చరిత్ర ఉన్నది. అది తెలిస్తే ఏ సెట్టింగును ముట్టుకోవాలో, దేని జోలికి పోకూడదో కూడా తెలుస్తుందని నా నమ్మకం.

1971లో ఆర్పానెట్‌పై బాబ్ థామస్ ప్రయోగార్థం వదలిన క్రీపర్ ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకింది. దానిని వెదకి తుడిచివేయడానికే రీపర్ పుట్టింది. ఒకే దొంగ, ఒకే భటుడు. 1986లో లాహోరుకు చెందిన బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ సోదరులు వ్రాసిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టారులో దాగి దేశాలు దాటింది. చిత్రమేమిటంటే, వారు తమ పేర్లను, చిరునామాను, ఫోను నంబర్లను కూడా అందులోనే వ్రాసుకున్నారు!

తొలినాటి యాంటీవైరస్‌ల పని తేలిక. ఒక్కొక్క వైరస్‌కూ ప్రత్యేకమైన బైట్ల వరుసను పట్టికగా పెట్టుకుని, మనం అడిగినప్పుడు డిస్కును గాలించి తప్పుకునేవి. ఆ వరుసనే సిగ్నేచర్ అన్నారు. 1990లో వచ్చిన 1260 అనే వైరస్ సోకిన ప్రతిసారీ రూపం మార్చుకోసాగింది. ఇక పట్టిక ఒక్కటే చాలలేదు. అనుమానం కలిగిన ప్రోగ్రామును కృత్రిమ యంత్రంలో కొంతసేపు నడిపించి చూడవలసి వచ్చింది. ఇంటర్నెట్టు వ్యాపించాక ముప్పు ఏ క్షణాన వస్తుందో తెలియక, కాపలాదారు మెమరీలోనే తిష్ఠ వేశాడు. ఏ ఫైలు తెరిచినా ముందు అతడు చూడాలి, తరువాతే మనం. నెమ్మదికి మూలం ఇదే.

అంత చూసినా పూర్తి భరోసా లేదు. ఏ ప్రోగ్రామునైనా వైరస్ అవునో కాదో తప్పకుండా తేల్చే పద్ధతి ఉండజాలదని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే నిరూపించారు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన ఒక అప్‌డేటు విండోస్ ఎక్స్‌పీకి ప్రాణప్రదమైన ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్‌గా భ్రమించింది. ఎన్నో కంప్యూటర్లు నెట్‌వర్కును కోల్పోయి, పదేపదే రీస్టార్టు అయ్యాయి. కంచే చేను మేయడమంటే అదే.

కనుక నా లెక్క ఇది. కాపలాదారు ఒక్కడే ఉండాలి. ఇద్దరుంటే ఒకే ఫైలు కోసం తగవుపడతారు. 2012లో విండోస్ 8తో, విండోస్‌లోనే ఉండే డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది. ఇంటి అవసరాలకు అది చాలునని నా అభిప్రాయం. వేరొకటి కావాలనుకుంటే ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్ సంస్థలు పట్టుకునే శక్తిని, వేగంపై పడే భారాన్ని విడివిడిగా పరీక్షిస్తాయి, రెండూ చూడాలి. పూర్తి స్కాను మనం పని చేయని వేళకు మార్చుకోవాలి. మినహాయింపులు ఇవ్వవలసి వస్తే బాగా తెలిసిన పెద్ద ఫోల్డర్లకే ఇవ్వాలి, డౌన్‌లోడ్స్‌కు ఎన్నడూ కూడదు. నిరంతర కాపలాను మాత్రం ఆపరాదు.

కోహెన్ మాట నిజం గనుక మరొకటి కూడా అవసరం: ముఖ్యమైన వ్రాతలకు, ఫొటోలకు కంప్యూటరు నుండి వేరుచేసి ఉంచిన డిస్కుపై ఒక నకలు. దానివల్ల కంప్యూటరు వేగం రవ్వంతైనా తగ్గదు.