నిండు నెలలతో రంగస్థలముపై

నాటకములలో గర్భవతి మనకు క్రొత్త పాత్రము కాదు. కాళిదాసుని శకుంతల దుష్యంతుని కొలువునకు వచ్చునప్పటికే గర్భవతి. భవభూతి ఉత్తరరామచరితము ఆరంభమున చిత్రపటములను చూచి చూచి అలసి, రాముని బాహువుపై తల యుంచి నిద్రించు సీతయు గర్భవతియే. ఒకామెను రాజు ఎరుగనని త్రోసివేయును; ఇంకొకామెను ప్రజానింద అడవికి పంపును. శతాబ్దములుగా ప్రేక్షకులు ఈ యిరువురికై కన్నీరు కార్చుచునే యున్నారు. అయితే పాత్రముగాక నటియే గర్భవతియైనచో? పాత్రమును చూచి కరగిన మనస్సు పాత్రధారిణిని చూచి ఏమనుకొనెను? ఈ ప్రసంగమున మనము విచారింపబోవునది ఈ ప్రశ్ననే.

తెలుగునాట చాలకాలము ఈ ప్రశ్నకు తావే లేకుండెను. 1880 దాపున ఆధునిక నాటకములు ప్రదర్శించుట మొదలైన నాట నుండి స్త్రీ పాత్రములను పురుషులే ధరించిరి. కూచిపూడి భాగవతుల సంప్రదాయము అంతకు పూర్వమే అట్టిది. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగమున ప్రవేశించినప్పుడు మన తాతలు మైమరచి చూచిరి. ఆయనకు 1956లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ ప్రతిభను తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. కాని మీసము గొరిగించుకొన్న పురుషుడు గర్భవతియైన సీతగా విలపింపగా ఏడ్చిన సభ, నిజముగా గర్భవతియైన స్త్రీ అదే వేదిక నెక్కినచో సహించెడిదా? సంసారి స్త్రీ వేదిక ఎక్కరాదు, ఎక్కినది సంసారి స్త్రీ కాదు - ఈ రెండు మాటలు ఒకదాని నొకటి ఆనుకొని నిలిచిన కాలమది.

ఆ కాలముననే ఒక కుటుంబము ఈ గోడను ప్రక్కనుండి దాటిపోయెను. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి వారు కీచకవధ నాటకమాడిరి. వీరి పూర్వులు మహారాష్ట్రము నుండి వచ్చి తోలుబొమ్మలాట వృత్తిగా గలవారు. బొమ్మలాటలో స్త్రీ బొమ్మకు స్త్రీయే పాడును, స్త్రీయే పలుకును. అందుచే బొమ్మలను విడిచి తామే వేషములు కట్టిన దినమున, ఆడు బొమ్మ వెనుక నిలిచిన ఇంటి ఆడుది ఆ బొమ్మ నిలిచిన చోటికి వచ్చెను. వారికి అది సంఘసంస్కరణము కాదు. ఇంటి పనిలో ఒక మార్పు మాత్రమే. సంతతి పెరిగిన కొలది మేళములు చీలి, ఒకప్పుడు ముప్పదికి పైగా సమాజములు తెలుగునాట తిరిగెను. డేరా వెనుక పొయ్యి, పొయ్యి ప్రక్కన ఊయల. తల్లి దమయంతి, అత్త దాది, హార్మోనియము ముందు కూర్చున్నవాడు బావయో మరదియో. అట్టి ఇంటిలో గర్భము దాచవలసినది కాదు, దాచుటకు చోటును లేదు.

తెలుగు టాకీ తొలి కథానాయిక సురభి కమలాబాయిగారి జన్మమును గూర్చి చెప్పుకొను కథ ఇచ్చటిదే. ఆమె 1907 ప్రాంతమున పుట్టినది. ఆమె తల్లి నిండు నెలలతో దమయంతి పాత్రము ధరించి యుండగా నొప్పులు వచ్చెననియు, చూచువారు అది దమయంతి దుఃఖమునకు అభినయ మనుకొనిరనియు, నాటకశాలలోనే బిడ్డ కలిగెననియు, సంగతి తెలిసిన ప్రేక్షకులు సంతోషముతో డబ్బులు చల్లిరనియు చెప్పుదురు. ఆ బిడ్డయే 1932లో వెలువడిన భక్తప్రహ్లాదలో లీలావతి. అనగా, గర్భమున నుండగనే హరికథ వినిన ప్రహ్లాదుని తల్లి. ఈ కథలో ప్రతి మాట జరిగినది జరిగినట్లే వచ్చినదా అని తర్కించుట మా పని కాదు. మనము గమనింపవలసినది దానిని చెప్పుకొను తీరు. సిగ్గుపడవలసిన కథగా గాక గొప్ప కథగా అది నిలిచినది. ఇంకొకటియు గమనింపదగును: నిండు నెలల మనిషిని ఆ రాత్రి వేషము కట్టించితిరేమి అని అడిగినవారు ఈ కథలో ఒక్కరును లేరు.

ఇది మనకే చెల్లిన వింత యని తలపరాదు. తెర, ప్రక్క రెక్కలు, టిక్కెట్టు బల్ల - ఈ సామగ్రి యంతయు మనకు ఏ దేశము నుండి వచ్చెనో ఆ ఇంగ్లండులో, సురభికి నూరేండ్లకు పైగా పూర్వమే, ఇట్టి కుటుంబ మేళములు ఊరూర తిరుగుచుండెను. రోజర్ కెంబుల్ అనువాని మేళము అందొకటి. 1758లో అతని భార్య షేక్స్పియరు ఎనిమిదవ హెన్రీ నాటకమున ఆన్ బొలీన్ రాణి పాత్రము ధరించెను. ఆ నాటకమున రాణి ఎలిజబెత్తును కనును. వేషము విప్పిన కొలది సేపటికే నటియు కుమారుని కనెనని ఆ కుటుంబ చరిత్రము చెప్పును. సముద్రములకు ఆవల కూడ దమయంతి కథయే!

ఆ బిడ్డకు మూడేండ్లు పెద్దదైన అక్కయే శారా సిడన్స్. ఆంగ్ల రంగస్థలమున శోకరసమునకు ఆమెను మించిన నటి లేదని నేటికిని అందురు. ఆమెకు ఏడు కాన్పులు. అందు ఎన్నియో నాటకముల నడుమనే. 1775లో లండను డ్రూరీలేన్ నాటకశాల అధిపతి గారిక్, పల్లెపట్టుల తిరుగు ఈ ఇరువది యేండ్ల నటిని పరీక్షించి రమ్మని హెన్రీ బేట్ అను మతాచార్యుని పంపెను. ఆయన చూచినది రోజలిండు వేషము. రోజలిండు మగవేషము ధరించి అడవిలో తిరుగు కన్య. వేషము ధరించిన యామెకో ఆరు నెలలు దాటినవి. బేట్ ఆ సంగతి వ్రాసియు, ఈమెను విడువవద్దని గారిక్కునకు గట్టిగా సలహా యిచ్చెను. మతాచార్యుని కంటికి అది అడ్డు కాకుండుట చూడుడు.

ఆ నవంబరు 5న బిడ్డ కలిగెను. డిసెంబరు 29న ఆమె లండనులో పోర్షియాగా రంగమెక్కెను. కాన్పై ఎనిమిది వారములు నిండలేదు. మన ఇండ్లలో బాలెంతరాలు ఇంకను పథ్యము తినుచు, చెవులకు గుడ్డ కట్టుకొని యుండు దినములవి. గొంతు వణకెను, మాట వినబడలేదు. పత్రికలు పెదవి విరచినవి. కాలపరిమితి ముగిసినంతనే నాటకశాల ఆమెను వదలుకొనెను. బాలెంతరాలి నీరసమును ప్రతిభాలోప మనుకొనుట ఎంత సులభమో ఇచ్చట తెలియుచున్నది.

ఏడేండ్ల పిమ్మట ఆమె తన మాతృత్వమును తానే ప్రేక్షకుల ముందుంచెను. 1782 మే నెలలో బాత్ నగరము విడిచి లండనుకు పోవుచు, తన్ను కదల్చు కారణములు మూడని చెప్పి, ముగ్గురు బిడ్డలను వేదికపైకి నడిపించుకొని వచ్చెను. అప్పుడు నాలుగవ కారణము కడుపులో నున్నది. సభలో ఎవరికిని అది కనబడకపోవు అవకాశము లేదు. జూనులో ప్రసవమయ్యెను. అక్టోబరు 10న డ్రూరీలేనులో ఇసబెల్లాగా, దిక్కులేని తల్లిగా, ఎనిమిదేండ్ల సొంత కుమారుని ప్రక్కన నిలిపి ఆడెను. అభ్యాసమునందే ఆ పిల్లవాడు తల్లి నిజముగా చనిపోవుచున్నదని తలచి గొల్లుమనెను. లండను జయింపబడినది. తల్లి కనుకనే తల్లిగా ఇంత బాగుగా నటించినదని ప్రజలు తృప్తి పడిరి.

ఆ తృప్తికిని ఒక మేర కలదు. 1794 ఏప్రిల్ 21న 3,600 మందికి పైగా పట్టు క్రొత్త డ్రూరీలేన్ నాటకశాలను మాక్బెతు నాటకముతో తెరచిరి. లేడీ మాక్బెతు సిడన్సే. వయస్సు 38, జూలైలో ప్రసవము. ఆ సందర్భమున ఆమె స్నేహితురాలు హెస్టర్ పియోజ్జీ తన దినచర్యలో వ్రాసికొన్న భయము చదువదగినది. గర్భవతిగా కనబడుట మర్యాద కాదని ఆమె భయపడలేదు. సిడన్స్ ధనాశాపరురాలని జనుల కిదివరకే ఒక అభిప్రాయ మున్నదనియు, ఈ స్థితిలో అవసరము లేకున్నను వచ్చి నటించినచో అది స్థిరపడుననియు ఆమె బెంగ. నేరము గర్భముపై గాక కూలిపై మోపబడినది! విశేషమేమనగా, ఆనాటి ఇంగ్లండు చట్టము ప్రకారము వివాహిత సంపాదనకు హక్కుదారు భర్త. భార్య కూలి భార్యదే యని పార్లమెంటు ఒప్పుకొన్నది 1870లో. 1794లో అత్యాశ యను పేరు భార్యకు, పైకము భర్తకు.

సిడన్సు మెడలో వివాహపు ఉంగరపు నీడ యున్నది. అది లేనివారి సంగతి ఏమి? 1713 ఏప్రిల్లో అడిసన్ రచించిన కేటో నాటకమున ఆన్ ఓల్డ్‌ఫీల్డ్ అను అవివాహిత కేటో కూతురగు కన్యగా నటించుచు నిండు నెలలతో నుండెను. తెరవెనుక మంత్రసానిని ఉంచిరనియు, ఆమె ఇక ఆగలేకపోవుటచేతనే ఇరువది ప్రదర్శనములతో నాటకము నిలిచిపోయెననియు ఆనాటివారు జాబులలో వ్రాసికొనిరి. నవ్వుకొన్నవారు ఉండవచ్చును, టిక్కెట్టు కొనుట మానినవారు మాత్రము లేరు. సభలోని రెండు రాజకీయ పక్షములు ఎవరు ఎక్కువగా చప్పట్లు కొట్టుదురా యని పోటీ పడుచుండగా కన్య కడుపు వంక చూచుటకు ఎవరికి తీరిక?

అదే శతాబ్దము చివర డొరొతీ జోర్డను పాలికి ఆ సహనము దక్కలేదు. ఆమె హాస్యరసమునకు రాణి. మగవేషమునకు పెట్టినది పేరు. ఇంగ్లండు రాజుగారి మూడవ కుమారుడు క్లారెన్సు డ్యూకుతో ఆమె ఇరువది యేండ్లు కాపురము చేసెను, పెండ్లి లేకయే. 1794 నుండి 1807 వరకు వారికి పదిమంది బిడ్డలు కలిగిరి. అంతకు ముందే 1791లో ఒకసారి గర్భము పోయినది. నాటకమునకు రానప్పుడు, రాజకుమారుని కొరకై ప్రేక్షకులను త్రోసిపుచ్చినదని పత్రికలు దుమ్మెత్తిపోసినవి. వచ్చినప్పుడు సభలో ఈలలు. ఆ యేటి చివర ఆమె వేదిక అంచునకు నడచి వచ్చి, నిజమైన అనారోగ్యము తప్ప మరి దేనివలనను తాను పని ఎగవేయలేదని సభతో మాటలాడవలసి వచ్చెను. ఆ మీదట చప్పట్లు కొట్టిరి. ఏ అనారోగ్యమో చెప్పుకొనుటకు వీలులేని స్థితిలో నిలిచి సంజాయిషీ యిచ్చుకొన్న స్త్రీ ముఖమును ఊహించుకొనుటకు చరిత్ర పుస్తకము అక్కరలేదు.

చిత్రకారుడు గిల్రే ఆమె పేరుపై వేసిన బూతు వ్యంగ్యచిత్రములను ఇచ్చట వర్ణింపము. 1797లో అతడు వేసిన మరియొక చిత్రము మాత్రము చెప్పదగినది. అందు డ్యూకు పిల్లల బండి లాగుచుండును. జోర్డను వెంట నడచుచు తన వేషపు మాటలు వల్లించుకొనుచుండును. పరిహాసమునకు గీచినదే కాని, ఉద్యోగము చేయు తల్లికి ఇంతకన్న నిజమైన చిత్రము ఆ కాలమున మరొకటి మాకు కనబడలేదు. 1811లో డ్యూకు ఆమెను విడిచెను. మరల నాటకములలో ఆడినచో కుమార్తెలను తన వద్ద ఉంచుకొనరాదని ఒడంబడిక. అల్లుని అప్పులు తీర్చుటకై ఆమె ఆడెను, కుమార్తెలను పోగొట్టుకొనెను. 1816లో ఫ్రాన్సునందు ఒంటరిగా మరణించెను. డ్యూకు 1830లో రాజై, బిడ్డలతో కూడిన ఆమె పాలరాతి విగ్రహమును చెక్కించెను. గర్భవతియైన నటిని భరింపలేని మర్యాద, తల్లియైన విగ్రహమును సంతోషముతో భరించును.

మన దక్కనునకు మరలి వత్తము. సురభివారి పూర్వులు బయలుదేరిన మహారాష్ట్రముననే తమాషా మేళములు గలవు. లావణి పాడుచు ఆడు స్త్రీలను చూచుటకు జనము విరగబడును. ఇంటికి పిలుచుటకు మాత్రము వెనుదీయును. నారాయణగావ్‌నకు చెందిన విఠాబాయి ఆ లోకమున మహారాణి. ఆమె నిండు నెలలతో ఆడుచుండగా నొప్పులు వచ్చెననియు, తెరవెనుకకు పోయి బిడ్డను కని, బొడ్డుత్రాడును రాతితో త్రెంచి, మరల వేదికకు వచ్చెననియు చెప్పుదురు. కొంతసేపటి క్రిందటి కడుపు లేకుండుట కనిపెట్టిన ప్రేక్షకులు సంగతి తెలిసికొని, నమస్కరించి, ఆట ఆపుమని వేడిరట. కమలాబాయి కథకును దీనికిని పోలిక స్పష్టమే, తేడాయు స్పష్టమే. అచ్చట డబ్బులు చల్లిరి, ఇచ్చట ఆపుమనిరి. ఆపుమనిన ఆ సభయే మాకు మిన్నగా తోచుచున్నది. విఠాబాయికి 1957లోను, 1990లోను రాష్ట్రపతి చేతి సన్మానములు కలిగినవి. 2002లో ఆమె చనిపోవు నాటికి పేదరికము ఆమెను విడువలేదు. 2006 నుండి మహారాష్ట్ర ప్రభుత్వము ఆమె పేర ఒక పురస్కారము నిచ్చుచున్నది.

చప్పట్లును, చల్లిన డబ్బులును, పురస్కారములును ఒక యెత్తు. కూలితో కూడిన సెలవు ఒక యెత్తు. మన ప్రసూతి సౌకర్యముల చట్టము 1961లో వచ్చినప్పుడు అందు కర్మాగారములు, గనులు, తోటలు మాత్రమే పేర్కొనబడినవి. 1973 సవరణతో గుఱ్ఱపు విన్యాసములు, దొమ్మరి విద్యలు, ఇతర ప్రదర్శనములు జరుపు సంస్థలు చేరినవి. అనగా సర్కసు తాడుపై నడచు స్త్రీకి గర్భము రావచ్చునని చట్టము అప్పటికి కనుగొన్నది. 2017లో మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు సెలవు 26 వారములైనది. అందుకు గడచిన 12 నెలలలో ఒక యజమాని క్రింద 80 దినములు పనిచేసి యుండవలెను. రాబడిని వాటాలుగా పంచుకొను కుటుంబ మేళములో యజమాని మామగారు. కొన్ని తమాషా మేళములలో యజమానురాలు ఆడు స్త్రీయే. జాతర కాలము దాటినచో ఏడాది తిండి లేదు. అట్టి మేళమున నొప్పులు వచ్చిన రాత్రి సెలవు చీటి వ్రాయవలసినది ఎవరి పేరనో చట్టమునందు ఇంకను లేదు.