అదను అడిగే నేర్పు

అనంతపురంలో ఏటా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదను తప్పితే వేరుశనగ విత్తనం మట్టిపాలే. అందుకే ఇక్కడి సేద్యంలో ప్రశ్నకు వివరం తోడుంటుంది: ఎర్రనేలా, నల్లరేగడా? పదునెంత దిగింది? 1800లో అనంతపురం కూడా ఉన్న దత్త మండలాలకు వచ్చిన కలెక్టరు మన్రో కూడా పొలం పొలం కొలిపించి, నేల తీరు రాయించాకే శిస్తు నిర్ణయించాడు.

2016లో పక్క జిల్లా కర్నూలులోని దేవనకొండలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కృత్రిమ మేధ లెక్కగట్టిన విత్తే అదనును 175 మంది రైతులకు తెలుగు ఎస్సెమ్మెస్‌లుగా పంపాయి. అప్పుడు రైతు వింటే చాలు. ఇవాళ్టి చాట్‌బాట్‌ను తానే అడగాలి. దానికి పల్లె మాటలు సరిగా రావన్న అభ్యంతరంలో నిజముంది. కానీ ఉత్తినే "ఎప్పుడు విత్తాలి?" అంటే ఏ భాషలోనైనా పైపై జవాబే వస్తుంది. నేల, పదును, విత్తన రకం చెబితేనే అది పొలానికి పనికొస్తుంది, అదీ సరిచూసుకున్నాకే. అలా వివరంతో అడిగే విద్యలో సీమ రైతుది చేయి తిరిగిన పనితనం.