పరాయి గడ్డ మీద పంతులుద్యోగం - మత్సుయేలో హెర్న్ మాస్టారు

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అని మన పెద్దలు చెప్పారు. ఇంట గెలవనివాడు రచ్చ గెలవడం కల్ల అని దాని తాత్పర్యం. ఈ సామెతకు అపవాదంగా నిలిచిన ఒక ఉపాధ్యాయుని గురించి నాలుగు మాటలు ముచ్చటించాలని ఈ వ్యాసం. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, ఏ దేశపు బడిపంతులు కథ దొరికినా విడిచిపెట్టలేని బలహీనత నాది. అందులోనూ నలభై ఏళ్ల వయసులో, భాష తెలియని దేశంలో, తొలిసారిగా తరగతిలో అడుగుపెట్టిన పంతులు కథ!

ఆయన పేరు లఫ్కాడియో హెర్న్. 1850లో గ్రీసు దేశపు లెఫ్కాదా ద్వీపంలో పుట్టాడు. తండ్రి ఐర్లండువాడు, సైనిక వైద్యుడు. తల్లి గ్రీకు స్త్రీ. బిడ్డకు నాలుగేళ్లప్పుడు ఆమె స్వదేశం వెళ్లిపోయింది. మళ్లీ తల్లీకొడుకులు కలుసుకోలేదు. డబ్లిన్‌లో తండ్రి తరఫు బంధువు ఒకామె పెంచింది. పదహారో ఏట బడిలో జరిగిన ప్రమాదంలో ఎడమ కంటి చూపు పోయింది. మిగిలిన కన్ను కూడా దగ్గరివి తప్ప చూడలేనిది. 1869లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా అమెరికా చేరి, సిన్సినాటిలోను న్యూ ఆర్లియన్స్‌లోను పత్రికా రచయితగా బతికాడు. ఇంట గెలవడానికి ఆయనకు ఇల్లంటూ ఏదీ?

1890 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ పత్రికా సంస్థకు వ్యాసాలు రాయడానికి యొకొహామా రేవులో దిగాడు. కొద్దికాలంలోనే ఆ సంస్థతో తగవుపడి ఒప్పందం తెంచుకున్నాడు. తిరిగి వెళ్లడానికి మనసు లేదు, ఉండడానికి ఉపాధి లేదు. టోక్యోలో ఆచార్యుడైన బాసిల్ హాల్ చాంబర్లేన్ చొరవతో ఒక ఉద్యోగం కుదిరింది. పశ్చిమ తీరాన ఇజుమొ సీమలోని మత్సుయే పట్టణంలో, మాధ్యమిక పాఠశాలలోను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోను ఇంగ్లీషు చెప్పాలి. ఏడాది ఒప్పందం, నెలకు 100 యెన్ల జీతం. ఆ చిన్న ఊళ్లో అది పెద్ద మొత్తమే.

జపాన్ విదేశీయులకు అంత జీతమిచ్చి ఎందుకు పిలిచిందన్నది తెలుసుకోదగిన విషయం. 1868లో మెయిజీ పాలన మొదలయ్యాక, పాశ్చాత్య విద్యలు నేర్వకపోతే పాశ్చాత్యులకు దాసులం కావలసి వస్తుందని ఆ దేశపు పెద్దలు గ్రహించారు. ఇంజనీర్లను, వైద్యులను, ఉపాధ్యాయులను విదేశాల నుంచి రప్పించారు. అయితే వారిని శాశ్వతంగా నెత్తిన పెట్టుకోవాలన్నది వారి అభిమతం కాదు. విద్య స్వదేశీయులకు అబ్బగానే విదేశీయులను సాగనంపాలన్నదే వారి సంకల్పం. ఈ సంగతి గుర్తుంచుకుంటే హెర్న్ జీవితపు చివరి మలుపు బోధపడుతుంది.

కొండలు దాటి మనిషి లాగే రిక్షాలలో నాలుగు రోజులు ప్రయాణించి, 1890 ఆగస్టు 30న ఆయన మత్సుయే చేరాడు. షింజి సరస్సు ఒడ్డున, కోట నీడన ఒదిగిన పాతకాలపు ఊరు అది. మొదట ఒక సత్రంలో దిగాడు. సెప్టెంబరు 2న బడికి వెళ్లాడు. ఇంచుమించు 300 మంది పిల్లలు చదువుకోగల రెండంతస్తుల చెక్క భవనం అది. వెంటబెట్టుకుని వెళ్లినవాడు నిషిదా సెంతారో అనే సహోపాధ్యాయుడు. వేళలు, తరగతులు, ఎవరికి ఎలా నమస్కరించాలి అన్నవన్నీ ఆయనే నేర్పాడు. గవర్నరు దగ్గరకు తీసుకువెళ్లి పరిచయం చేశాడు. కొత్త బడిలో చేరిన పంతులుకు ఇలాంటి సహచరుడు ఒక్కడు దొరికితే చాలు, సగం ఉద్యోగం కుదుటపడినట్టే. ఆ ఊరివారి నోట హెర్న్ పేరు "హెరున్" అయింది. ఆయన దిద్దలేదు. ఆ పిలుపే తనకు ముద్దన్నాడు.

తరగతి గదిలో ఆయన గమనించిన ఒక విషయం నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. ఒకే అంశం మీద పిల్లలు రాసిన వ్యాసాలన్నీ ఒకే పోకడగా ఉండేవి. కొత్తగా వచ్చిన పాశ్చాత్య ఉపాధ్యాయుడు ఎవరైనా వీరికి స్వంత ఊహ లేదనో, ఒకరిని చూసి ఒకరు రాశారనో తీర్మానించి ఉండేవాడు. హెర్న్ అలా అనుకోలేదు. ఆ పోలికలు, ఆ భావాలు పిల్లలకు పసితనం నుంచి కథల ద్వారా, పద్యాల ద్వారా సంక్రమించిన ఉమ్మడి ఆస్తి అని గుర్తించాడు. మన అలంకారశాస్త్రంలో దీనికి చక్కని మాట ఉంది, కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుందని రాసిన తెలుగు పిల్లవాణ్ణి కాపీ కొట్టావని ఎవరూ దండించరు గదా! పరాయి సంప్రదాయంలోని కవిసమయాన్ని లోపంగా కాక సంపదగా చూడగలగడం సామాన్యమైన గుణం కాదు.

ఇంకొక సందర్భం ఇంత సులువైనది కాదు. 1890 అక్టోబరు 30న చక్రవర్తి విద్యాశాసనం వెలువడింది. పాఠశాలల్లో దానిని భక్తితో చదివేవారు, చక్రవర్తి చిత్రపటానికి ప్రణమిల్లేవారు. అది అనాగరికమని మునుపటి విదేశీ ఉపాధ్యాయుడు ఒకరు చెప్పారనీ, మీరేమంటారనీ ఒక విద్యార్థి హెర్న్‌ను అడిగాడు. మీ చక్రవర్తిని గౌరవించడం మీ ధర్మమని ఆయన బదులిచ్చాడు. పిల్లల మనసులు కుదుటపడ్డాయి. అప్పటికి అది సంస్కారవంతమైన సమాధానమే. కాని తరువాతి చరిత్ర తెలిసిన మనకు అది చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ భక్తినే పాలకులు ఆయుధంగా మలచి 1930ల నుంచి ఒక తరాన్ని యుద్ధాలకు నడిపించారు. ఆ శాసనం చెల్లదని 1948లో గాని ప్రకటించలేదు. ఆతిథ్యమిచ్చిన దేశపు ఆచారాన్ని నిందించడమూ తప్పే, అందంగా ఉందని ప్రతిదానినీ సమర్థించడమూ ప్రమాదమే. విదేశీ ఉపాధ్యాయుడు నిత్యం నడవవలసిన కత్తిమీద సాము ఇది. హెర్న్ రెండో వైపుకే ఎక్కువ మొగ్గాడని నా అభిప్రాయం.

అయినా ఆ పిల్లలను ఆయన ఎంతగా ప్రేమించాడో చెప్పే ఘట్టం ఒకటి ఉంది. మరణశయ్య మీద ఉన్న ఒక విద్యార్థి, బడిని ఒక్కసారి చూడాలని రాత్రివేళ కోరాడట. ఇంటి ముసలి సేవకుడు వాణ్ణి వీపున మోసుకుపోయి చూపించాడు. చీకటిలో నిలిచిన ఆ భవనాన్ని చూసి పిల్లవాడు తృప్తిపడ్డాడు. 1894లో వచ్చిన హెర్న్ పుస్తకంలో, ఆంగ్లోపాధ్యాయుని దినచర్య అనే ప్రకరణంలో ఇది ఉంది. ఎన్నో ఏళ్లు బడిలో గడిపినవాణ్ణి, ఆ పేజీ తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

మత్సుయే మొదటి శీతకాలం ఆయనను మంచం పట్టించింది. 1891 తొలినాళ్లలో కొయిజుమి సెత్సు ఆయన ఇంట అడుగుపెట్టింది. చితికిపోయిన సమురాయ్ కుటుంబపు ఆడపడుచు ఆమె. తరువాత భార్య అయింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు జపనీసు అంతంతమాత్రం. విభక్తులు విడిచిన జపనీసు మాటలతో ఇద్దరూ ఒక ఇంటిభాష కల్పించుకున్నారు. దానికి "హెరున్ గారి భాష" అని పేరు కూడా వచ్చింది. ఆమె పాతకథలు చెప్పబోతే, పుస్తకం చూసి చదవవద్దు, నీ మాటలతో నీవు చెప్పమనేవాడట. తరువాత 1904లో వెలువడి ప్రపంచమంతా చదివిన 'క్వైదాన్' దయ్యాల కథలకు మూలం ఆమె గొంతే. కడపలో మన పండితులను చేరదీసి తెలుగు నేర్చిన బ్రౌన్ దొర ఇక్కడ గుర్తుకు రాక మానడు. బ్రౌన్ తాళపత్రాల వెంట పడ్డాడు, హెర్న్ నోటి మాట వెంట పడ్డాడు.

1891 నవంబరులో ఆయన మత్సుయే విడిచాడు. విద్యార్థులు ఒక ఖడ్గం బహూకరించి, రేవు దాకా వచ్చి సాగనంపారు. తరువాతి మజిలీ కుమామొతొ. అక్కడ జీతం రెట్టింపు, 200 యెన్లు. ప్రధానాచార్యుడు జూడో విద్యకు ఆద్యుడైన కానో జిగొరో. కాని ఆ సైనిక పట్టణం ఆయనకు నచ్చలేదు, పెద్ద విద్యార్థులతో మత్సుయే నాటి చనువు కుదరలేదు. ఒకే దేశంలో ఒక ఊరు అమ్మ ఒడిలా, మరొక ఊరు అద్దె ఇల్లులా ఉంటుంది. బదిలీల మీద తిరిగిన ప్రతి ఉపాధ్యాయుడికీ ఇది అనుభవమే.

1896లో భార్యాబిడ్డలకు తన ఆస్తి దక్కాలని జపాన్ పౌరుడయ్యాడు. మన ఇల్లరికం పద్ధతిలా భార్య ఇంటిపేరు స్వీకరించి కొయిజుమి యకుమొ అయ్యాడు. యకుమొ అంటే దొంతరలైన మేఘాలు, ఇజుమొ సీమకు ప్రాచీన విశేషణం. ఆ ఏడే టోక్యో విశ్వవిద్యాలయంలో సాహిత్యాచార్యుడయ్యాడు. కాని 1903లో విశ్వవిద్యాలయం ఆయన ఒప్పందాన్ని పొడిగించలేదు. విద్యార్థులు నిరసించినా ఫలితం లేకపోయింది. ఆ స్థానంలోకి వచ్చినవారిలో ఒకరు, ఇంగ్లండులో చదివి తిరిగివచ్చిన నత్సుమె సోసెకి. ఆధునిక జపాన్ నవలకు అంతటి పేరు తెచ్చినవాడే. చట్టం స్వదేశీయుడన్నా, ఉద్యోగం ఆయనను ఇంకా విదేశీయుడిగానే లెక్కించింది. విద్య నేర్చుకున్నాక గురువును సాగనంపాలన్న పాత సంకల్పం ఆ విధంగా నెరవేరింది. 1904 సెప్టెంబరు 26న ఆయన కన్నుమూశాడు.

నేడు మన పిల్లలు కొందరు అమెరికా బడుల్లో, గల్ఫ్ దేశాల బడుల్లో పాఠాలు చెబుతున్నారు. వీసా గడువు, అర్థంకాని ఉచ్చారణ, తెలియని మర్యాదలు వారికీ ఉన్నాయి. హెర్న్ జీవితం నుంచి వారు తీసుకోదగినది నాకు తోచినంతలో ఇది. ఉద్యోగం ఎన్నడూ మనది కాదు, పిల్లలే మనవారు. టోక్యోలో ఆయన కాగితం చూడకుండా, విద్యార్థులు పూర్తిగా రాసుకునేంత నిదానంగా ఉపన్యసించేవాడు. ఆయన పోయిన తరువాత, వారు దాచుకున్న ఆ నోటు పుస్తకాల నుంచే ఆ ఉపన్యాసాలు గ్రంథాలుగా అచ్చయ్యాయి. ఒప్పందం పొడిగించకపోయినా, ఆయన చెప్పిన పాఠం శిష్యుల చేతిరాతలో నిలిచింది.