చంకలో బిడ్డ బరువు

మా అమ్మకు నేనొక బరువునని నాకు పన్నెండేళ్ళప్పుడు తెలిసింది. మాటవరసకు కాదు, కిలోల్లో తూచగల బరువు. 1976లో నాకు రెండున్నరేళ్ళున్నప్పుడు అమ్మకు మూడో నెలలో గర్భం పోయింది. "చంకన పిల్లను దించకుండా తిరిగితే కడుపెట్టా నిలుస్తుంది?" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఏ పెళ్ళిలోనో నలుగురు ఆడవాళ్ళు చేరితే ఆ మాట మళ్ళీ వచ్చేది. అమ్మ తల వంచుకుని చింతపండు పిక్కలు తీస్తూ కూచునేది. పక్కనే నేనూ తల వంచుకునేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత అడిగాను, ఆ నెలల్లో ఇంకేమేం మోసేదానివని. చెరువు నుంచి పూటకు రెండు బిందెల నీళ్ళు, గొడ్లకు గడ్డిమోపు, వారానికోసారి కట్టెలు అని మామూలుగా చెప్పింది. వాటి మాట తీర్పులో ఎక్కడా లేదు. అవి ఇంటికి కావాల్సిన బరువులు కదా!

కడుపుతో ఉన్న స్త్రీ ఏ బరువు ఎత్తాలి, ఏది ఎత్తకూడదు అన్నది ఎప్పుడు, ఎవరు, ఎవరి కోసం నిర్ణయించారు? ఆ ప్రశ్నే నన్ను చరిత్ర పుస్తకాల దగ్గరకు తీసుకెళ్ళింది.

మానవ పరిణామ కథను చాలాకాలం వేటగాడి చేతిలోని ఆయుధంతోనే మొదలుపెట్టారు. 1970లలో శాలీ స్లోకమ్ వంటి స్త్రీవాద మానవశాస్త్రవేత్తలు ఆ కథను ప్రశ్నించారు. ఏరుకున్న తిండిని తెచ్చుకునే సంచి, బిడ్డను ఒంటికి కట్టుకునే జోలె మనిషి తొలి ఆవిష్కరణల్లో ముఖ్యమైనవని వాదించారు. తోలూ నారా మట్టిలో కలిసిపోతాయి, రాయి మిగులుతుంది. మిగిలినదాన్ని బట్టి చరిత్ర రాస్తే బిడ్డను మోసిన చేతులు అందులో కనపడవు.

కలహారి ఎడారిలో కుంగ్ శాన్ ప్రజల మధ్య పరిశోధన చేసిన రిచర్డ్ లీ ఆ మోతను లెక్కకట్టాడు. తిండి కోసం, మకాం మార్పుల కోసం ఒక్కో స్త్రీ ఏడాదికి సుమారు 2,400 కిలోమీటర్లు నడిచేది. నాలుగేళ్ళ లోపు బిడ్డ ఉంటే ఆ నడకలో చాలా భాగం ఆమె ఒంటిమీదే ఉండేది. అక్కడ కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం దాదాపు నాలుగేళ్ళు. ఏళ్ళ తరబడి పాలివ్వడం అందుకొక కారణమని తర్వాతి పరిశోధకులు చూపించారు. జనం ఒకచోట స్థిరపడ్డాక ఈ ఎడం తగ్గిందని లీ గమనించాడు. అంటే, చంకలో ఒకరు, కడుపులో ఒకరు అనే స్థితిని మనం ఆడపుట్టుకకు సహజమనుకుంటాం గానీ దానికీ ఒక చరిత్ర ఉంది.

మన ఎముకలకూ ఉంది. స్త్రీల నడుము వంపు మూడు వెన్నుపూసల మీద, పురుషులది రెండింటి మీద పరుచుకుని ఉంటుందని 2007లో కేథరీన్ విట్‌కమ్, ఆమె సహపరిశోధకులు ప్రకటించారు. రెండు కాళ్ళ మీద నడుస్తూ ముందుకు పెరిగే గర్భాన్ని మోయడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు అది. అయితే అది ముందున్న బరువు కోసం. పక్కన చంకలో ఇంకొకరుంటే నడుము ఒకవైపుకు ఒరుగుతుంది. గర్భంలో కీళ్ళ పట్టు వదులవుతుంది కాబట్టి ఆ ఒరుగు వెన్నునూ కటినీ త్వరగా నొప్పిపెడుతుంది.

ఇక చట్టాలు. బొంబాయి రాష్ట్రంలో 1929లో, మద్రాసు రాష్ట్రంలో 1934లో ప్రసూతి సౌకర్యాల చట్టాలు వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు, పురుషులు మోయదగిన గరిష్ఠ బరువులను నిర్ణయించే అధికారం రాష్ట్రాలకిచ్చింది. 1961 ప్రసూతి చట్టం కాన్పుకు ముందు ఆరు వారాలు, అంతకు ముందొక నెల కలిపి ఆ కాలంలో, గర్భానికి హాని చేసే శ్రమ నుంచి స్త్రీకి రక్షణ ఇచ్చింది, అదీ ఆమె అడిగితే. స్త్రీలు పోరాడి సాధించుకున్న హక్కులివి, తక్కువ చేయను. కానీ వరిమోపు ఎత్తే వ్యవసాయ కూలికి వీటి నీడ దాదాపుగా అందలేదు. గేటు దాటి ఇంటికొచ్చిన కార్మికురాలు ఎత్తుకునే బిడ్డ ఏ చట్టానికీ బరువు కాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనేమో.

చట్టం చూడని బరువును ఇల్లు చూసింది. అయితే మోతను పంచుకోవడానికి కాదు, తప్పు మోపడానికి.

2013లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు గర్భిణులకు బరువుల పరిమితులు సూచించారు. ఏ చిక్కూ లేని గర్భమైతే, అప్పుడప్పుడూ ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తే బరువు 20 వారాల లోపు సుమారు 16 కిలోలు, తర్వాత 12 కిలోలు. రోజంతా పదేపదే ఎత్తాల్సి వస్తే అందులో సగమే. ఇవీ ఉద్యోగాల కోసం వేసిన లెక్కలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో రెండేళ్ళ బిడ్డ సగటు బరువు చూడండి: ఆడపిల్లకు 11.5 కిలోలు, మగపిల్లవాడికి 12.2. సరిగ్గా గీత మీద నిలబడి "అమ్మా, ఎత్తుకో" అని చేతులు చాచే బరువు. పైగా అది పెట్టెలాగా కదలకుండా ఉండదు, తంతుంది, వెనక్కి వాలుతుంది.

2005లో నేను రెండోసారి గర్భవతినైనప్పుడు ఈ అంకెలు లేవు. "బరువులెత్తకండి" అన్నారు డాక్టరమ్మ. మా పాపకు రెండేళ్ళని చెప్పాను. "పాపను ఎవరైనా ఎత్తుకుంటారు కదా!" అన్నారు. ఆ 'ఎవరైనా' మా ఇంట్లో ఎవరు? నా సహచరుడు రాత్రి తొమ్మిదికి వచ్చేవాడు. ఊరి నుంచి అమ్మ వచ్చింది. తన మోకాళ్ళ నొప్పులతో పాపను ఎత్తుకుని తిరుగుతూ, నేను చెయ్యి చాస్తే చాలు, కంగారుగా అడ్డం పడేది. ఆమె భయం పేరు నేనే అని నాకు తెలుసు.

ఒక ఫిజియోథెరపిస్టు మాత్రం ఎత్తొద్దని చెప్పి ఊరుకోలేదు, ఎలా ఎత్తాలో నేర్పింది. నడుము వంచకుండా మోకాళ్ళు మడిచి కిందికి దిగాలి. బిడ్డను ఒంటికి ఆనించుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. లేచేటప్పుడు పక్కకు తిరగకూడదు. అసలు నేలమీద నుంచి కాకుండా బిడ్డనే మంచం మీదికో పీట మీదికో ఎక్కించి అక్కణ్ణుంచి తీసుకోవడం మేలు. ఒకే చంకన ఎక్కువసేపు ఉంచకూడదు. కూచుని ఒళ్ళోకి తీసుకుంటే పిల్లకు కావలసిన దగ్గరితనం అందుతుంది. రక్తం కనపడినా, కడుపు నొప్పి వచ్చినా, మాయ కిందికి ఉందన్నా, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉందన్నా డాక్టరు మాటే వినాలి. ఇదంతా సహచరుడికీ చెప్పాను. రెండు తగాదాల తర్వాత పొద్దుటి స్నానం, రాత్రి నిద్రపుచ్చడం అతని పనులయ్యాయి.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడాల వల్లేనని ఆ రోజుల్లోనే చదివాను. రోజూ పదేపదే పెద్ద బరువులెత్తే ఉద్యోగాలు ముప్పును కొంత పెంచుతాయని చెప్పిన అధ్యయనాలున్నాయి. కానీ బిడ్డను ఎత్తుకున్నందుకే ఒక గర్భం పోయిందని తేల్చడానికి ఏ ఆధారమూ లేదు. ఒక మధ్యాహ్నం ఇదంతా అమ్మకు చెప్పాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఒళ్ళో పాప నిద్రపోతోంది.

"నాకూ అనుమానంగానే ఉండేదే," అంది చివరికి. "అయినా దించేస్తే అప్పుడు నిన్నెవరెత్తుకునేవాళ్ళు?"

ముప్పై ఏళ్ళలో ఆ మాట అమ్మను ఎవరూ అడగలేదు.